గోల్స్ కొడుతున్నారు, అంతకన్నా ఎక్కువ తింటున్నారు: తప్పు ఎక్కడుంది?

మన ఫుట్‌బాల్ టీముల్లో సమస్య ఇలా ఉంటుంది. వింగర్లు బాగా డ్రిబుల్ చేస్తున్నారు, ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు) పైకి వెళ్లి క్రాస్‌లు వేస్తున్నారు, మ్యాచ్‌కి రెండు మూడు గోల్స్ పడుతున్నాయి. అయినా 2-3, 3-4తో ఓడిపోతున్నారు. తిన్న గోల్స్, అంటే అవతలివాళ్లు మనకు కొట్టినవి, దాదాపు అన్నీ ఒకటే రకం. మనం ఎటాక్‌లో ఉండగా బంతి పోతుంది, పది పన్నెండు సెకన్లలో అది మన నెట్‌లో ఉంటుంది.

వెంటనే కోచ్‌లు చేసేది 4-3-3 (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు) తీసేసి 5-3-2 పెట్టడం. తినడం కాస్త తగ్గుతుంది, కొట్టడం ఆగిపోతుంది. నెల తిరక్కుండానే మళ్లీ 4-3-3. ఫార్మేషన్ మీద చెయ్యి వేసే ముందు దయచేసి ఒక్క పని చేయండి. మ్యాచ్ వీడియోను గోల్ పడిన చోట కాదు, అంతకు ముందు మనవాడు బంతి పోగొట్టుకున్న చోట ఆపండి. బంతికి వెనక మనవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయరు. చివర్లో ట్యాకిల్ తప్పినవాణ్ని తిట్టి ఊరుకుంటారు. వాడు ఒంటరిగా ఆ ట్యాకిల్ ఎందుకు చేయాల్సి వచ్చిందో ఈ ఫ్రేమ్‌లోనే తెలుస్తుంది.

వెనక ఇద్దరో ముగ్గురో ఉంటే

కారణం దొరికినట్టే. రెండు వైపుల ఫుల్‌బ్యాక్‌లూ ఒకేసారి వెళ్లిపోయారు, లేదా డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌కి కూడా గోల్ కొట్టాలనిపించింది. ఒక ఫుల్‌బ్యాక్ వెళ్తే రెండోవాడు సెంటర్‌బ్యాక్‌ల (మధ్యలో ఆడే డిఫెండర్ల) పక్కకు జరిగి ఉండాలి. ఇద్దరినీ పంపాలనుకుంటే మధ్యలో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఉండిపోవాలి. 1994లో బ్రెజిల్ వరల్డ్‌కప్ గెలిచింది ఇలాగే. ఫుల్‌బ్యాక్‌లు పైకి వెళ్లేవాళ్లు, దుంగా, మౌరో సిల్వా మధ్యలో కాపలా ఉండేవాళ్లు, రొమారియో, బెబెటో ముందు తమ పని చూసుకునేవాళ్లు. 7 మ్యాచ్‌లలో తిన్నవి 3 గోల్సే. మన దగ్గర హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన 4-2-3-1లోనూ ఇదే ఏర్పాటు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ రెండు అంచుల వెంట పరుగెత్తగలిగారంటే మధ్యలో జొవావ్ విక్టర్ లాంటివాడు ఉన్నాడు కాబట్టే. స్ట్రైకర్ ఒగ్‌బెచె 18 గోల్స్ అందరికీ గుర్తుంటాయి, విక్టర్ ఎక్కడ నిలబడ్డాడో ఎవరికీ గుర్తుండదు.

ఆ మనిషిని తీసేస్తే ఏమవుతుందో రియల్ మాడ్రిడ్ చూపించింది. 2003 వేసవిలో బెక్‌హమ్‌ని కొని, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ మాకెలెలెను చెల్సీకి అమ్మేసింది. ఆ సీజన్‌లో లీగ్‌లో చివరి ఐదు మ్యాచ్‌లూ ఓడి నాలుగో స్థానంలో ఆగింది. మాకెలెలె ఉన్న చెల్సీ 2004-05లో 38 మ్యాచ్‌లకు 15 గోల్స్ మాత్రమే ఇచ్చి టైటిల్ కొట్టింది. అంతా ఒక్కడి వల్లే అనను, కానీ ఈ తేడాను కాదనడం కష్టం.

లెక్క సరిపోయింది, అయినా గోల్స్ పడుతున్నాయి

అందరినీ ముంచేది ఇదే. బంతికి వెనక నలుగురు, ఒక్కోసారి ఐదుగురు ఉన్నారు. కాగితం మీద తప్పు కనిపించదు. దాంతో కోచ్ సెంటర్‌బ్యాక్ స్లో అని తేల్చి కొత్తవాణ్ని దింపుతాడు. కొత్తవాడూ అలాగే తింటాడు.

అసలు కారణం దూరం. బంతి అవతలి బాక్స్ దగ్గర ఉంటే మన సెంటర్‌బ్యాక్‌లు ఇంకా మన బాక్స్ దగ్గరే నిలబడి ఉన్నారు. మధ్యలో అరవై డెబ్బై మీటర్ల ఖాళీ. అందులో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఒక్కడే ఉప్పాడ సముద్రంలో తెప్పలా తేలుతుంటాడు. బంతి పోయాక మొదటి పాస్ అవతలి స్ట్రైకర్‌కి వెళ్తుంది. వాడు తీరిగ్గా బంతి ఆపి, తిరిగి, స్పీడ్ అందుకుంటాడు. మన సెంటర్‌బ్యాక్ వెనక్కి వెనక్కి జరుగుతాడు. అలా జరిగేవాడు ఎవరైనా స్లోగానే కనిపిస్తాడు.

ఇది ఇంత కాలం దొరక్కపోవడానికి కారణం ఫోన్ వీడియో. కెమెరా బంతి వెంట తిరుగుతుంది, సెంటర్‌బ్యాక్‌లు ఫ్రేమ్‌లోకే రారు. మీరు లెక్కపెట్టిన నలుగురిలో ఇద్దరిని మీరు చూడలేదు, ఉండే ఉంటారని అనుకున్నారు. కాబట్టి మధ్య గీత దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. బంతి వైపు చూడకుండా మన చివరి లైన్ ఎక్కడుందో రాయడమే వాడి పని. హాఫ్ టైమ్‌కే తెలిసిపోతుంది.

105 మీటర్ల గ్రౌండ్‌లో బంతి అవతలి బాక్స్ అంచున ఉంటే మధ్య గీత 36 మీటర్ల దూరంలో ఉంటుంది. చివరి డిఫెండర్ అక్కడ ఉండాలి. కుర్రాళ్లు పైకి రారు, ఎందుకంటే వెనక ఖాళీ అంటే భయం. ఆ భయం పోవాలంటే కీపర్ గోల్ లైన్ వదిలి బాక్స్ అంచుకు రావాలి, “పైకి, పైకి” అని అరిచే పని కూడా అతనిదే. కీపర్‌ను కదపకుండా డిఫెండర్లను మాత్రమే పైకి రమ్మంటే వాళ్లు వినరు, వినకపోవడమూ కరెక్టే.

రెండో సర్దుబాటు. బంతి మన దగ్గర ఉండగానే అవతల పైన మిగిలిన స్ట్రైకర్‌ను ఒకడు అంటిపెట్టుకోవాలి, ఇంకొకడు రెండడుగులు వెనక ఖాళీగా ఉండాలి. ఆఫ్‌సైడ్‌ను (పాస్ వేసే వేళకే డిఫెండర్లను దాటి ముందు నిలబడితే ఆట ఆపే రూల్‌ను) నమ్ముకోకండి. పాస్ వెళ్లే సమయానికి స్ట్రైకర్ తన సగంలో ఉంటే ఆఫ్‌సైడే లేదు. మధ్య గీత దగ్గర సెంటర్‌బ్యాక్‌లు నడుము సగం మన గోల్ వైపు తిప్పి నిలబడాలి. పూర్తిగా ముందుకు తిరిగి నిలబడితే మొదటి రెండడుగులు అక్కడే పోతాయి.

డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ బంతి ఉన్న సైడ్‌కి పరుగెత్తకూడదు. బంతికీ ఆ స్ట్రైకర్‌కీ మధ్య దారిలో ఉండి మొదటి పాస్‌ను కోయాలి. బంతి పోగొట్టుకున్నవాడు చేతులెత్తి రిఫరీ వైపు చూడడం మాని, తొలి ఐదు సెకన్లు బంతి వెంట పడాలి.

ప్రాక్టీస్‌లో ఎటాక్ నడుస్తుండగా విజిల్ వేసి, రెండో బంతిని నేరుగా అవతలి స్ట్రైకర్‌కి ఇవ్వండి. పది సెకన్లలో అతను షాట్ కొట్టగలిగితే మీ నిలబడే తీరు ఇంకా సరిపడలేదన్నమాట.

పెద్ద టీములకీ ఇది తప్పలేదు. 2018 వరల్డ్‌కప్‌లో ఛాంపియన్ హోదాలో వచ్చిన జర్మనీ మెక్సికోకి 0-1తో ఓడిన మ్యాచ్ చూడండి. ఖెదిరా బంతి పోగొట్టుకున్నాడు, కిమ్మిష్ చాలా పైన ఉండిపోయాడు. గోల్ కొట్టిన మెక్సికో లొజానోను అడ్డుకోవడానికి చివరికి వెనక్కి పరుగెత్తి వచ్చింది ఓజిల్! డిఫెండింగ్ చేయాల్సిన ఆఖరి మనిషి.

ఈ మాట రాగానే చాలామంది 1982 వరల్డ్‌కప్ బ్రెజిల్-ఇటలీ మ్యాచ్ ఎత్తుతారు, బ్రెజిల్ వాళ్లు అందరూ ఎటాక్‌కి వెళ్లి ఓడారని. నేను ఒప్పుకోను. ఇటలీ స్ట్రైకర్ పావొలో రొస్సి కొట్టిన మూడింటిలో ఒకటి క్రాస్, ఒకటి బ్రెజిల్ ఆటగాడు సెరెజో సొంత సగంలో అడ్డంగా వేసిన పాస్, మూడోది కార్నర్. ఆ కార్నర్‌కి బ్రెజిల్ వాళ్లు దాదాపు అందరూ సొంత బాక్స్‌లోనే ఉన్నారు. మనుషులు తక్కువై పడిన గోల్స్ కావవి.

మిగతావి

మన కార్నర్ నుంచే కౌంటర్‌లో (ఎదురుదాడిలో) మనకు గోల్ పడుతుంటే 2018 వరల్డ్‌కప్ జపాన్-బెల్జియం చివరి నిమిషం చూడండి. జపాన్ కార్నర్‌ను బెల్జియం కీపర్ కుర్త్వా పట్టుకుని డి బ్రైనకి దొర్లించాడు, కాసేపటికే షాద్లీ గోల్, 3-2. అవతలి కీపర్ ముందు ఒకణ్ని నిలబెట్టండి, ఇద్దరిని మధ్య గీత దగ్గర ఉంచండి.

గోల్స్ తినడం లేదు గానీ కొట్టడమూ లేదంటే, అవతల ఒక్క స్ట్రైకర్ కోసం మీరు ఐదుగురిని కట్టేసి ఉంటారు. ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, వాళ్ల ముందు ఒకడు చాలు, ఒక ఫుల్‌బ్యాక్‌ను వదలండి.

తడి గ్రౌండ్, గాలి, రిఫరీ, అవతలి కీపర్ లాంగ్ కిక్‌లు... వీటి వల్ల సీజన్‌లో ఒకటో రెండో పడతాయి. వీటి గురించి మీటింగ్ పెట్టకండి.