చీటీలతో పరిణామం – 3వ భాగం: ఎవరూ గీయని గీత

పోయినసారి ఇసుక కుప్ప పోశాం. ఈసారి ఆ కుప్ప చోట జీవజాతులు. 1993లో భౌతిక శాస్త్రవేత్తలు పెర్ బాక్, కిమ్ స్నెపెన్ ఇచ్చిన నమూనా ఇది. నాకు చాలా ఇష్టం, ఎందుకంటే కాగితం, పెన్ను ఉంటే మొదలుపెట్టేయొచ్చు.

నిన్న రాత్రి మారతహళ్లి పీజీలో నేనూ మా గది కర్నూలు తమ్ముడూ స్టీలు కంచం బోర్లించి, అంచు చుట్టూ పది చీటీలు పెట్టాం. ఒక్కో చీటీ ఒక జాతి. దాని మీద 0కీ 1కీ మధ్య ఏదో ఒక అంకె, ఆ జాతి ఎంత నిలదొక్కుకుందో చెప్పేది. ఎక్సెల్‌లో రాండ్ కొడితే అంకెలు వస్తాయి.

అన్నిట్లోకీ చిన్న అంకె వెతకండి. మాకు 0.07 దొరికింది. ఎడమన 0.81, కుడిన 0.65. మూడూ తీసేసి కొత్తవి రాశాం: 0.23, 0.52, 0.90.

"అన్నా, 0.81 బాగానే ఉంది కదా, దాన్నెందుకు పీకడం?" అన్నాడు తమ్ముడు.

అసలు కీలకం అదే. పక్క జాతి మారితే తిండి, చోటు, శత్రువు అన్నీ మారతాయి. నిన్నటి బలం ఇవాళ పనికిరాకపోవచ్చు. ఇప్పుడు కంచంలో అన్నిటికంటే చిన్నది 0.23. దెబ్బ పక్కింటికి పాకింది, చూశారా! పక్కవాటిని వదిలేసి చిన్నదాన్నొక్కదాన్నే మార్చి చూడండి, అన్నీ మెల్లగా 1 వైపు జరిగిపోతాయి, అంతే.

పది చీటీలతో ఇంతకంటే కనబడదు. పైథాన్‌లో ప్రోగ్రాం రాసి 200 జాతులు పెట్టి లక్ష అడుగులు నడపండి (చిన్నదాన్నీ, దాని పక్క రెండిటినీ ఒకసారి మార్చడం ఒక అడుగు). చివరి జాతికి మొదటిదే పక్కది, ఇది మరిచిపోతే లెక్క తప్పుతుంది. చివర్లో అంకెలన్నీ చూస్తే సుమారు 0.667 కింద దాదాపు ఖాళీ. ఆ అంకె మీ కోడ్‌లో ఎక్కడా లేదు! ఇనుము అయస్కాంత గుణం పోగొట్టుకునే చోటు చూడాలంటే వేడిని మనమే 770 డిగ్రీల దగ్గరికి తేవాలి. ఇక్కడ సర్దేవాళ్లు లేరు, గుంపు తనంతట తానే ఆ అంచుకు చేరి అక్కడే ఉంటుంది.

ఇక అలజడి కొలుద్దాం. 0.6 దగ్గర గీత అనుకోండి. ఏదైనా జాతి దాని కిందికి పడిన దగ్గర్నుంచి అన్నీ మళ్లీ పైకొచ్చేదాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. కొన్ని కొద్ది అడుగుల్లోనే సద్దుమణుగుతాయి, కొన్ని వందలు దాటిపోతాయి. శిలాజాల్లో చాలాకాలం నిశ్చలం, మధ్యలో హఠాత్తు మార్పులు అని 1972లో శిలాజ శాస్త్రవేత్తలు ఎల్‌డ్రెడ్జ్, గూల్డ్ చెప్పినదానికి ఇది దగ్గరగా ఉంటుంది. అలాగని డైనోసార్లకు ఉల్క అక్కర్లేదనుకోకండి, ఈ నమూనా అంత మాట అనదు.

ఒక వంద అలజడుల పొడవులు నోట్‌బుక్‌లో రాసి ఉంచండి. వచ్చే భాగంలో వాటిని లాగ్ గ్రాఫ్ మీద పెడదాం.