తామర తొట్టిలో నత్రజని సమస్యలు: నీటి రంగు, బురద వాసన, ఆకు పసుపు

నీట మునిగిన మట్టిలో పై పొర తప్ప మిగతా భాగానికి ప్రాణవాయువు అందదు. ఆ లోటును తామర తానే తీర్చుకుంటుంది: ఆకులోకి చేరిన గాలి కాడలోని గొట్టాల గుండా దుంపకూ వేళ్లకూ దిగుతుంది, అందులో కొంత బయటికి ఊరి వేరు చుట్టూ పలుచని పొరగా నిలుస్తుంది. ఆ పొరలో నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. కాస్త అవతల, ప్రాణవాయువు లేనిచోట, ఇంకొన్ని ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తాయి. తొట్టిలో ఏ తేడా కనిపించినా ముందు ఈ అమరికలో ఏది చెడిందో చూడాలి.

నీరు పచ్చబడటం, తొట్టిలోని గప్పీ చేపలు చనిపోవడం

ఎరువు నీటిలో కరగడమే దీనికి సాధారణ కారణం. పైన చల్లిన యూరియా అమ్మోనియాగా విడిపోగానే, వేళ్లకంటే ముందు పాచి దానిని అందుకుంటుంది. ఎండ కాసే వేళ పాచి నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడంతో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) పెరుగుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో చేపలకు విషమైన రూపం ఒక శాతం కూడా ఉండదు. అదే 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. అందుకే పీహెచ్‌ను ఉదయం కాక మధ్యాహ్నం చూడాలి. ఎరువు ఆపి, మూడో వంతు నీటిని మార్చండి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే ఒక రోజు తెరిచి ఉంచి వాడండి. ఇకపై ఎరువును కాగితంలో పొట్లం కట్టి, దుంపకు తగలకుండా బురదలోకి లోతుగా నొక్కాలి. ఆ లోతులో అమ్మోనియం బంకమట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది తప్ప, రూపం మారి గాలిలోకి ఎగిరిపోదు. వరి మడిలో యూరియాను మట్టి ముద్దల్లో పెట్టి గుచ్చే పద్ధతి వెనక ఉన్నదీ ఇదే.

బురద నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన రావడం

అన్నిటిలోకీ ఇదే ప్రమాదకరమైనది. పచ్చి పేడ, మాగని ఎరువు ఎక్కువైతే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ప్రాణవాయువునూ, తరువాత నైట్రేట్‌నూ ఖర్చు చేసేస్తాయి. ఆపైన సల్ఫేట్‌ను వాడుకునేవి విజృంభించి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి, అది వేళ్లనూ వాటి చుట్టూ ఉన్న మేలుచేసే బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది. దుంపను పైకి తీసి, మెత్తబడిన భాగాన్ని కోసేసి, కొత్త బంకమట్టిలో నాటడం తప్ప దగ్గరి దారి లేదు. ఎండిన ఆకుల కాడలను నీటి మట్టానికి పైనే కోయాలి. కింద కోస్తే గాలి వెళ్లే గొట్టాల్లో నీరు నిండి దుంప కుళ్లే ప్రమాదం ఉంది. బురద కదిపినప్పుడు వాసన లేని బుడగలు మాత్రమే వస్తే కంగారు పడనక్కరలేదు.

ఆకులు పసుపెక్కడం

ముదురు ఆకులు మొదట పాలిపోతే నత్రజని చాలలేదని అర్థం. పొట్లాలను కొద్దికొద్దిగా, విడతలుగా ఇవ్వండి. చలికాలంలోనైతే అది మొక్క విశ్రాంతి, ఎరువు వద్దు. లేత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపైతే అది ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న బోరు నీటిలో తరచూ వస్తుంది. దీనికి యూరియా వేసి తొట్టిని పాడుచేసుకునేవారు ఎందరో ఉన్నారు. వాననీరు కలిపి, చెలేటెడ్ ఐరన్‌ను (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుమును) ప్యాకెట్ మీద చెప్పిన మోతాదు మించకుండా ఇవ్వాలి.