గుగ్గిళ్ళు వదిలేస్తున్న గుర్రం: కారణాలేంటి, ఏం పెట్టాలి

సమస్య: గడ్డి తింటోంది, గుగ్గిళ్ళు మాత్రం రెండు నోళ్ళు తిని వదిలేస్తోంది

తిరుపతిలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్ళం. మా తెల్ల గుర్రానికి ముహూర్తాల నెలలు వచ్చాయంటే ఇదే వరస. జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవబోయేది. ఊరికే నిలబడి పళ్ళు నూరేది. పొగరెక్కిందని మేమే నాలుగు తిట్లు తిట్టాం. పక్కటెముకలు తేలాక గానీ కడుపులో పుండని తెలియలేదు.

కారణం మా అలవాటే. పెళ్ళికొడుకును ఎక్కించుకుని మండపం ముందు లద్దె వేస్తుందేమోనని మధ్యాహ్నం నుంచే మేత ఆపేసేవాళ్ళం. సాయంత్రం ఆరింటికి జీను వేస్తే రాత్రి పదిదాకా బ్యాండు, డీజే, టపాకాయలు. ఆ టెన్షన్ చాలదన్నట్టు తిరిగొచ్చాక, పాపం ఆకలిగా ఉందని బకెట్ నిండా గుగ్గిళ్ళు.

గుర్రం కడుపు ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు. అందులో మేత ఉన్నా లేకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దానికి విరుగుడు లాలాజలం, అది నమిలినప్పుడే వస్తుంది. కడుపు పైభాగానికి జిగురు పొర రక్షణ లేదు. ఖాళీ కడుపుతో నడిపిస్తే, పరిగెత్తిస్తే ఆమ్లం అక్కడికి ఎగిరిపడి పుండు చేస్తుంది.

పరిష్కారం: 350 కేజీల గుర్రానికి రోజుకు కనీసం 6 కేజీల ఎండుగడ్డి పడాలి. పచ్చిగడ్డి అయితే దానికి నాలుగింతలు. గరిక దొరికితే అంతకన్నా మంచిది లేదు. మేతకీ మేతకీ మధ్య ఆరు గంటలు దాటనివ్వకండి, రాత్రిపూట కూడా. జీను వేసే అరగంట ముందు కాస్త గడ్డి, వీలైతే లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) తినిపించండి. లూసర్న్‌లోని కాల్షియం ఆమ్లాన్ని కొంత అణుస్తుంది. గుగ్గిళ్ళు పూటకు అరకేజీ మించకుండా, గడ్డి తిన్న తర్వాతే. లద్దె భయమా? చీపురు, ఒక గోతాం పట్టుకుని ఒక కుర్రాడు వెనకాల నడిస్తే సరిపోయె.

పుండు ముదిరితే మేత ఒక్కటే చాలదు. డాక్టరు ఆమ్లం ఊరడం తగ్గించే ఒమెప్రజోల్ రాస్తే సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. మనుషుల క్యాప్సూల్ విప్పి, పొడి చేసి పెడితే ఆమ్లంలోనే పాడైపోతుంది. నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వకండి, అవే పుండు పుట్టిస్తాయి.

సమస్య: లద్దె గట్టిపడింది, లేదా మాటిమాటికీ చిన్న కడుపునొప్పి

ముందు నీళ్ళ తొట్టి చూడండి. వరిగడ్డి ఒక్కదాని మీదే ఉంచి, ఎండల్లో నీళ్ళు తగ్గితే పేగులో గడ్డ కడుతుంది. ఎండాకాలం రోజుకు 30 లీటర్లకు పైనే తాగుతుంది. కాస్త ఉప్పు కూడా పెట్టండి.

మన చిత్తూరు వైపు రెండో అనుమానితుడు వేరుశనగ కట్టె. మేతగా మంచిదే, కానీ వేళ్ళతో పీకింది కాబట్టి ఎర్రమట్టి, ఇసుక వెంట వస్తాయి. ఐదారు లద్దె ఉండలు నీళ్ళ బకెట్‌లో కలిపి పావుగంట ఆగి నీళ్ళు వంచేయండి. అడుగున వేలికి గరగరమంటూ ఇసుక తగిలిందంటే ముద్దాయి దొరికినట్టే. కట్టెను బాగా దులిపి, నేల మీద కాకుండా తొట్టిలో వేయండి. ఇసుక బయటికి పోవడానికి ఇసబ్‌గోల్ పొట్టు ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి. కార్తీకం వానల్లో తడిసి బూజు పట్టిన కట్టె, దులిపితే పొగలా ధూళి లేచేది, ఏ జీవానికీ పెట్టొద్దు.

సమస్య: లద్దెలో గింజలు గింజలుగానే వస్తున్నాయి

పళ్ళు చూపించండి. అంచులు పదునెక్కితే నమలలేదు. మొక్కజొన్న తగ్గించండి, దాని పిండిపదార్థం పెద్దపేగుకు చేరి పులిస్తే గిట్టల జబ్బు దాకా పోతుంది. ఏ మేత మార్చినా పది రోజులు పట్టేట్టు కొద్దికొద్దిగా మార్చండి.

ఇంకోటి, చవగ్గా దొరుకుతోందని కోళ్ళ దాణా పెట్టొద్దు. కొన్నింట్లో మోనెన్సిన్ కలుపుతారు. కోడికి మందు, గుర్రానికి విషం, కొద్దిగా తిన్నా గుండె దెబ్బతింటుంది.

సమస్య: నేలను కాలితో తవ్వుతోంది, పక్కకు తిరిగి పొట్ట చూసుకుంటోంది, పొర్లుతోంది

ఇక్కడ ఇంటి వైద్యం ఆపాలి. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. సీసాతో, గొట్టంతో నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నూనె అవసరమైతే డాక్టరే ముక్కులోంచి ట్యూబు వేసి పోస్తారు. దాణా, గడ్డి తీసేయండి. పొర్లకుండా నెమ్మదిగా నడిపించండి. దవడ కింద నాడి నిమిషానికి 60 దాటినా, చిగుళ్ళు పాలిపోయినా, నల్లబడినా తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి బయల్దేరండి. ఆఖరిసారి లద్దె ఎప్పుడు వేసింది, ఏం తిన్నది, మీరేం మందిచ్చారు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆ కంగారులో ఏదో ఒకటి మర్చిపోతారు.