మామిడి తోటకి వెళ్లే ముందు

ఎండలు ముదిరాయంటే ఉత్తరాంధ్రలో ఎస్.కోట, కొత్తవలస వైపు తోటల్లో సువర్ణరేఖ రకం మామిడి కోతకి వచ్చేస్తుంది. మన చేత్తో మనమే కోసుకుందామని బయల్దేరేవాళ్లు ఇవి చూసుకోండి.

– కరెంటు తీగ. దోటి (కాయలు కోసే పొడవాటి కర్ర) ఎత్తే ముందు తలెత్తి చూడండి, బోరు మోటార్ల లైన్లు కొమ్మలకి ఆనుకునే పోతుంటాయి. ఇనుప, అల్యూమినియం గొట్టాలు అసలు వద్దు. వెదురుదైనా తడిసి ఉంటే పక్కన పెట్టేయండి.

– కాయ ఎవరిది? తోట రైతుదే అయినా కాపు చాలాసార్లు వ్యాపారికి ముందే అమ్మేసి ఉంటుంది. అడిగి, రేటు కిలోకా బుట్టకా తేల్చుకున్నాకే చెయ్యి వేయండి.

– ఎరుపు చూసి మోసపోకండి. సువర్ణరేఖకి ఎండ తగిలిన వైపు పచ్చికాయలోనే ఆ రంగు వచ్చేస్తుంది. తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బి, తొడిమ గుంటలో కూర్చున్నట్టుంటే ముదిరినట్టు. అనుమానముంటే బకెట్ నీళ్లలో వేయండి: ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. నిరుడు నేను రంగు చూసి రెండు బుట్టలు కోశాను. గడ్డిలో వారం పెట్టినా పండలేదు, ముడతలు పడ్డాయి. మా అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

– తొడిమ కొంచెం ఉంచి కోయండి. తర్వాత తుంచి, కాయని బోర్లించి సొన కారనివ్వండి. సొన పడ్డచోట తొక్క నల్లబడుతుంది. మన చర్మమైనా అంతే, కళ్లు జాగ్రత్త.

– దోటికి చిక్కం (కాయ పడే వల సంచి) ఉండాలి. కిందపడ్డ కాయ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల కమిలిపోతుంది. వాటిని వేరే సంచిలో వేయండి.

– ఆకులు గూడులా అతుక్కున్న కొమ్మ కింద నిలబడొద్దు. అవి ఎర్రచీమలు.