రేడియో కంట్రోల్ పడవలో నీళ్లు: డ్రెయిన్ వాల్వు సమస్యలు, పరిష్కారాలు

మూత తీయగానే లోపల నీళ్లు కనిపిస్తే అందరూ ముందు తిట్టేది లోపలి నీటిని బయటికి వదలడానికి వెనక గోడకు పెట్టిన డ్రెయిన్ వాల్వునే. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. నీళ్లు ఎన్ని చేరాయన్నది తరువాతి సంగతి. ఎప్పుడు చేరాయన్నది ముందు తేల్చుకోవాలి. పడవ ఆగి ఉన్నప్పుడా, పరుగెత్తుతున్నప్పుడా?

బ్యాటరీ తీసేసి, లోపలంతా పొడిగుడ్డతో తుడవండి. వాల్వు దగ్గర ఒకటి, షాఫ్టు గొట్టం (ప్రొపెల్లరును తిప్పే కడ్డీ బయటికి వెళ్లే గొట్టం) దగ్గర ఒకటి, చుక్కాని కడ్డీ బయటికి వెళ్లే చోట ఒకటి టిష్యూ కాగితం ముక్కలు పెట్టండి. పడవను టబ్బులో 10 నిమిషాలు ఊరికే తేలనివ్వండి. ముందుగా ఏ ముక్క తడిస్తే లీకు అక్కడే. మూడూ పొడిగా ఉంటే నీళ్లు పరుగులో వస్తున్నాయన్నమాట. అప్పుడు వాల్వు జోలికి వెళ్లకుండా నాలుగో సమస్య చూడండి.

1. ఆగి ఉండగానే వాల్వు దగ్గర తడి (ఒకవైపు తెరుచుకునే వాల్వు)

వేగంగా పోయే పడవ వెనక గోడ దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. ఆ లాగుడుకు లోపలి నీరు వాల్వులోని పలుచని సిలికాన్ రేకును తోసుకుని బయటపడుతుంది. పడవ ఆగగానే బయటి నీరు నొక్కి ఆ రేకును మూసేయాలి. రేకుకూ, అది ఆనే అంచుకూ మధ్య ఏది చిక్కినా మూత పడదు. విజయనగరం వైపు చెరువుల్లో నడిపేవారికి గుర్రపు డెక్క వేరు పోగు ఒక్కటి చాలు. బయటి నుంచి చూస్తే కనిపించదు, సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి వేసి చూస్తే నల్లని గీతలా తెలుస్తుంది. వానాకాలంలో నాగావళి, వంశధార నీళ్లలో అయితే ఒండ్రు పొరలా పేరుకుంటుంది.

మందుల దుకాణంలో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి, దాని మూతికి సరిపోయే సిలికాన్ గొట్టం ముక్క కొనిపెట్టుకోండి. ఈ పనికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు. లోపలి వైపు నుంచి మంచినీళ్లు గట్టిగా కొట్టి చెత్తను బయటికి తోసేయండి. తరువాత బయటి వైపు నుంచి మెల్లగా నీళ్లు నొక్కండి. లోపలికి చుక్క కూడా రాకపోతే వాల్వు బాగున్నట్లే. గుండుసూదితో మాత్రం గీకవద్దు. అంచు మీద గీత పడిందంటే ఆ వాల్వు ఇక ఎన్నటికీ పూర్తిగా మూయదు.

కడిగినా కారుతుంటే రేకు అంచు వంకర తిరిగి ఉంటుంది. అంతే మందం ఉన్న సిలికాన్ రేకుతో మార్చాలి. కొందరు సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి పెడతారు. ఆ పూటకు గడుస్తుంది కానీ అది బిరుసు, చిన్న లాగుడుకు తెరుచుకోదు.

2. మరబిరడా (ఒకవైపు వాల్వుకు బదులు డ్రెయిన్ రంధ్రానికి మరతో తిప్పి పెట్టే బిరడా) బిగించినా చెమ్మ

దాదాపు ఎప్పుడూ బిరడాకుండే రబ్బరు వలయం, అంటే ఓ-రింగే కారణం. నలిగి చదునైపోవడమో, పగలడమో, దాని మీద ఇసుక రేణువు ఉండిపోవడమో జరుగుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తే రింగు మరింత నలుగుతుంది. పాత రింగును చేతపట్టుకుని మోటారు పంపుల దుకాణానికి వెళ్లి, లోపలి కొలత, మందం రెండూ సరిపోయేది తెచ్చుకోండి. కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి వేళ్లతో తిప్పితే చాలు, పట్టకారు అక్కర్లేదు. చేతికి అందింది కదా అని వాజిలీన్ రాయకండి. మామూలు రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

3. వాల్వు బాగానే ఉంది, నీళ్లు మాత్రం బయటికి పోవడం లేదు

పడవ నెమ్మదిగా వెళ్తే లాగుడు పుట్టదు. చేపలు పట్టే మర పడవల నమూనాల వంటి నిదానం పడవలకు ఈ రకం వాల్వు బిగించడమే దండగ, రబ్బరు బిరడా చాలు. వేగం పడవే అయితే బ్యాటరీ ఎక్కడుందో చూడండి. అది బాగా ముందుకు ఉంటే ముక్కు బరువెక్కి నీరంతా అక్కడే నిలుస్తుంది. తేలడానికి పెట్టిన ఫోము ముక్కలు దారికి అడ్డుపడుతున్నాయేమో కూడా చూడాలి.

4. ఆగితే పొడి, పరుగెత్తితే నీళ్లు

ముందుగా చూడాల్సింది మోటారును చల్లబరిచే నీటి గొట్టం. చుక్కాని దగ్గర లోపలికి వచ్చిన నీరు మోటారు, స్పీడ్ కంట్రోలర్ చుట్టూ తిరిగి పక్క రంధ్రం నుంచి బయటికి పోవాలి. గొట్టం కొస చీలితే ఆ నీరంతా పడవలోకే వస్తుంది. వేగం పెరిగిన కొద్దీ ఎక్కువ వస్తుంది. సిరంజితో చుక్కాని వైపు నుంచి నీళ్లు నొక్కి, పక్క రంధ్రం నుంచి అంతే ధారగా వస్తోందో లేదో చూడండి. చీలిన కొసను ఓ 5 మిల్లీమీటర్లు కోసేసి మళ్లీ తొడగండి.

గొట్టం బాగుంటే షాఫ్టు గొట్టంలో గ్రీజు అయిపోయి ఉండవచ్చు. నీటికి కొట్టుకుపోని గ్రీజు నింపండి. అదీ కాదంటే మూత అంచు. మలుపుల్లో ఎగిరే నీరు అక్కడి నుంచే దూరుతుంది, చుట్టూ టేపు వేయండి. 200 మిల్లీలీటర్ల నీరంటే 200 గ్రాముల బరువు. మలుపులో అదంతా ఒక పక్కకు దొర్లితే పడవ బోల్తా పడే ప్రమాదం ఉంది.

5. సముద్రపు నీళ్ల తరువాత వాల్వు పట్టేసింది

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్లు ప్రశాంతంగా కనిపించినా ఉప్పగానే ఉంటాయి. ఎండకు నౌపడ ఉప్పుమళ్లలో జరిగేదే వాల్వు అంచున కూడా జరుగుతుంది. రేకు అంచుకు అతుక్కుపోతుంది. లాగి ఊడదీస్తే చిరుగుతుంది, అరగంట మంచినీళ్లలో నానబెడితే దానంతటదే విడుస్తుంది. అసలు ఒడ్డునే ఒక సీసా మంచినీళ్లతో కడిగేస్తే ఈ తిప్పలే ఉండవు. ఉప్పునీళ్లలో మునిగిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని మాత్రం ఛార్జింగుకు పెట్టవద్దు, ఇంట్లోకి తేవద్దు. అది అంటుకునే ప్రమాదం ఉంది.

పడవను దాచేటప్పుడు బిరడా తీసి పక్కన పెట్టి, మూత తెరిచే ఉంచండి. మన తీరపు గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి మూసి ఉంచితే లోపలి తడి ఆరదు. మళ్లీ నడిపే రోజున పడవను నీళ్లలోకి దించే ముందు బిరడా పెట్టారో లేదో చేత్తో తడిమి చూసుకోండి.