శాకాహార ఒకొనొమియాకి: పొయ్యి వెలిగించే ముందు జాగ్రత్తలు

ఒకొనొమియాకి అంటే క్యాబేజీ కలిపి పెనం మీద కాల్చే జపాన్ అట్టు. ముందు ప్యాకెట్ వెనక చదవండి. ఒకొనొమియాకి కోసం అమ్మే రెడీమేడ్ పిండిలోనే చాలాసార్లు ఎండుచేప పొడి కలిసి ఉంటుంది. సాస్‌లో చేప లేదా ఆల్చిప్పల సారం, జపనీస్ మయొనీజ్‌లో గుడ్డుసొన ఉండొచ్చు. మామూలు మైదా మేలు. దాషీకి (సాధారణంగా ఎండుచేపతో కాచే జపనీస్ రసానికి) బదులు అరలీటరు నీళ్లలో 5 గ్రాముల కొంబు అనే ఎండు సముద్రపు నాచు రాత్రంతా నానబెట్టండి.

రెండు అట్లకు: మైదా 100 గ్రాములు, కొంబు నీళ్లు 100 మి.లీ., క్యాబేజీ 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర చెంచా, తురిమిన నాగాఇమో 80 గ్రాములు. గుడ్డు లేని అట్టును పట్టి ఉంచేది ఈ జిగురు దుంపే. మన పెండలం జాతిదే, తురిమితే చేతులు దురద పెడతాయి, గ్లౌజులు వేసుకోండి.

క్యాబేజీ సన్నగా తరిగి, తడి పూర్తిగా ఆరనివ్వండి. పెనం వేడెక్కాకే పిండిలో కలపండి. ముందే కలిపితే క్యాబేజీ నీరు వదిలి పిండి జారిపోతుంది, అట్టు తిప్పేటప్పుడు చీలుతుంది.

మందం 2 సెం.మీ. దాటొద్దు. మధ్యస్థ మంట, ఒక్కో వైపు 5 నిమిషాలు. తిప్పాక మూత పెట్టండి. అంచులు గట్టిపడి, అట్టు పెనం మీద కదిలితేనే తిప్పాలి. అట్లకాడతో అసలు నొక్కొద్దు, లోపలి గుల్లతనం పోతుంది.