కోన్‌ఫ్లవర్ కుండీలో తంటాలు: ఏది జబ్బు, ఏది కాదు

శ్రీకాకుళం, విజయనగరం మేడల మీద ఊదారంగు కోన్‌ఫ్లవర్ (ఎకినేషియా) పెంచాలంటే ఒకటి గుర్తుంచుకోవాలి. చామంతి కుటుంబానిదే అయినా దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. మన ఉక్కపోత, తుపాను వానలు దానికి కొత్త.

రేకులు వేలాడుతున్నాయి
జబ్బు కాదు, దాహమూ కాదు. ఈ రకానికి రేకులు కిందికి వాలడం సహజం. వెంటనే నీళ్లు పొయ్యకండి, నడిమి బొడిపె చూడండి. నారింజ ముళ్ల మధ్య పసుపు పుప్పొడి వలయం అంచు నుంచి పైకి ఎక్కుతూ ఉంటే పువ్వు ఇంకా పడుచుదే. వలయం కొసకు చేరి, బొడిపె గోధుమరంగుకు తిరిగి, రేకులు ఎండితే అప్పుడు కొయ్యండి.

ఒక విడత పూసి ఆగిపోయింది
మొక్క బలం గింజకు పోతోంది. చాలామంది ఎండిన రేకులు పీకి ఊరుకుంటారు. దానివల్ల లాభం లేదు, బొడిపెతో సహా పోవాలి. కాడ వెంట వేలు కిందికి జార్చితే ఆకు చంకలో చిన్న మొగ్గ తగులుతుంది. దానికి కాస్త పైన కత్తిరించండి. మొగ్గ లేకపోతే మొక్క మొదలు దగ్గరున్న ఆకుల దాకా కొయ్యొచ్చు. విత్తనం కావాలంటే చివర్లో ఒకటి రెండు బొడిపెలు వదిలెయ్యండి. హైబ్రిడ్ అయితే పిల్లలకు తల్లి పోలిక వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఆకులు గుబురుగా ఉన్నాయి, పూలు లేవు
నీడ ఎక్కువై ఉంటుంది, లేదా ఎరువు. రోజుకు ఆరు గంటల ఎండ ఇవ్వండి, యూరియా మానండి. విత్తనం నుంచి వచ్చిన మొక్క మొదటి ఏడాది పూయకపోవచ్చు.

మట్టి తడిగానే ఉంది, మొక్క వాడుతోంది
మొదలు కుళ్లు. అక్టోబరు, నవంబరు వానల్లో అసలు భయం దీనిదే. మొదలు నల్లబడి మెత్తగా ఉంటే ఆశ వదులుకోవచ్చు. గట్టిగా ఉంటే నీళ్లు ఆపి, కుండీని వాన తగలని చోట ఇటుకల మీదికి ఎత్తండి. ఈసారి నాటేటప్పుడు ఎర్రమట్టిలో నాగావళి ఇసుక బాగా కలపండి. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి కుండీ కూడా లోతుగా ఉండాలి.

పువ్వు వికారంగా ఉంది
ఇక్కడ తొందరపడొద్దు. బొడిపె నెత్తిన మాత్రమే చిన్న కుచ్చుల్లా మొలిస్తే అది నల్లి (కంటికి ఆనని మైట్ పురుగు) పని. ఆ పువ్వులు కోసి చెత్తలో వేస్తే చాలు, మొక్క బతుకుతుంది. రేకులు, బొడిపె పచ్చబడి ఆకుల్లా మారి, మొక్కంతా పాలిపోతే అది వేరే కథ. మన నువ్వు చేలల్లో వెర్రి తెగులు చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఇదీ ఫైటోప్లాస్మా (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) జబ్బే, రసం పీల్చే దీపపు పురుగులు మోసుకొస్తాయి. మందు లేదు. పూలు కోసినా లోపల జబ్బు పోదు. వేరుతో పీకి పారెయ్యండి, పక్క కుండీలకు పాకకముందే.

విత్తనం మొలవలేదు
చాలా గింజలకు చలి తగలాలి. తడి గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి ఒక నెల ఫ్రిజ్‌లో ఉంచి విత్తండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.